మా పదిరెట్ల దుర్భిణి

ఈ సంవత్సరపు సంచికకు ఏదైన వ్రాసి పంపుమని సంపాదకులు నన్ను కోరినపుడు మొదట సంకోచించితిని. నేను పండితుడను గాను. ఈ పాఠశాలలో చదువుకొని, ఉద్యోగార్థమై అమెరికా చేరి, ఒహాయో రాష్ట్రమున కాపురముండు పాత విద్యార్థిని మాత్రమే. నాకు కొంచెము తెలిసిన విషయ మొక్కటి కలదు. అది దూరపు గురికై రైఫిలుపై అమర్చెడి దుర్భిణి. బాలుర పత్రికలో తుపాకి ప్రసంగ మేలయని పెద్దలు శంకింపవచ్చును. కొంచె మోపిక పట్టి కడవఱకు చదువ వేడుచున్నాను.

మా కాలమున ఎన్.సి.సి. బాలురకు .22 రైఫిలుతో గురి కొట్టుట నేర్పెడివారు. గోనెపట్టాలపై బోర్లపరుండి, 25 గజముల దూరమందలి కాగితముపై అయిదేసి గుండ్లు కాల్చెడివారము. ఎవనివైన గుండ్లు ఒకప్రక్కకు పోయినచో తక్కిన వారము నవ్వెడివారము. మా మాష్టారు మాత్రము నవ్వెడివారు కారు. ఆయన మారుమాటాడక ఆ గోనెపట్టాపైననే పరుండి, ఆ రైఫిలుతోనే తామును అయిదు గుండ్లు కాల్చి, కాగితమును తెప్పించి చూచి, పిమ్మట ఆ పిల్లవానితో మాటలాడెడివారు. "ముందు తుపాకి నడుగవలెను, పిదప పిల్లవాని నడుగవలెను" అనుట ఆయన వాడుక. ఆ మాట యర్థము నాకు నలువది యేండ్లకు గాని బోధపడలేదు.

ఆ రైఫిళ్లకు దుర్భిణి లేదు. 2012లో లండను ఒలింపిక్సునందు మన హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ కాంస్య పతకము గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలోను దుర్భిణి వాడరాదు. చిన్న రంధ్రముగుండ చూచియే గురి పెట్టవలెను. కాని 600 గజముల దూరమున 10 అంగుళముల ఇనుప పలకను కొట్టవలె నన్నచో మామూలు కన్ను చాలదు. అక్కడ దుర్భిణి యవసరమగును.

మా అబ్బాయికి పదునాఱవ యేడు రాగానే వానికి ఈ విద్యపై మక్కువ కలిగెను. ఇరువురము ఊరికి వెలుపలనున్న ఒక గురిక్లబ్బులో చేరి, .308 రైఫిలు నొకదానిని కొంటిమి. దుర్భిణి విషయమున మాకు వాదము వచ్చెను. వాడు ఆఱు మొదలు ఇరువదినాలుగు రెట్లవఱకు పెంపు మార్చుకొనదగిన దానిని కోరెను. నేను ఎల్లప్పుడు పది రెట్లే పెంచి చూపు స్థిరశక్తి దుర్భిణిని, 42 మిల్లీమీటర్ల ముందుకటకము గలదానిని, కోరితిని.

"నాన్నగారూ, ఇరువదినాలుగు రెట్లు కనబడు చోట పది రెట్లతో సరిపెట్టుకొనుట యెందులకు?" అని వాడడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. నేను చెప్పిన సమాధానము లివి.

పెంపు మారెడి దుర్భిణిలో కటకములను ముందువెనుకలకు జరుపు యంత్రము అధికముగా నుండును. స్థిరశక్తి దుర్భిణిలో అది లేదు. కావున ఒకే వెలకు కొన్నపుడు రెండవదానిలో అద్దమునకు, మరలకు ఎక్కువ ధనము వెచ్చించినట్లగును. ఇది మొదటి కారణము. గురిగీతలపైని కొలతచుక్కలు, మార్పుగల దుర్భిణులలో పెక్కింట, ఒక్క పెంపునొద్ద మాత్రమే సత్యము చెప్పును. పెంపు మార్చి మఱచినచో లెక్క తప్పును. స్థిరశక్తి దుర్భిణిలో చుక్కల కొలత యెన్నడును మారదు. వెలుతురు మాట మూడవది. ముందుకటకపు వెడల్పును పెంపుతో భాగించిన వచ్చునది కంటిని చేరెడి వెలుగుబిళ్ల వెడల్పు. 42ను 10తో భాగించిన 4.2 మిల్లీమీటర్లు. 50 మిల్లీమీటర్ల కటకమునైనను 24 రెట్లకు త్రిప్పినచో అది 2.1కి కుదించుకొనిపోవును, తల రవంత కదలినను చీకటి క్రమ్మును. ఇక ఎండవేళ నేలనుండి లేచెడి వేడిగాలి తెరలు పెంపుతోపాటు తామును పెరుగును. గురి పలక నీటిలోని నీడవలె ఆడును.

స్థిరశక్తి దుర్భిణికి లోపములు లేవని చెప్పజాలను. దగ్గఱ గురులకు దాని చూపుమేర ఇరుకగును. నిశ్చలమైన కాగితపు గురిపై సన్నని వలయములను వెదకువారు నలుబది రెట్లకు మించిన దుర్భిణులను కూడ వాడుదురు. వారి పనికి అదియే తగును. పలువిధములైన దూరములలో ఇనుప పలకలను కొట్టనేర్చు పిల్లవానికి పది రెట్లు చాలునని నా నిశ్చయము.

ఈ వస్తువునకు పూర్వచరిత్రయు గొప్పదే. 1855 ప్రాంతమున న్యూయార్కు రాష్ట్రములోని సిరక్యూసులో విలియం మాల్కం అను కటకశిల్పి రైఫిలు దుర్భిణులను తయారుచేయ నారంభించెను. జర్మనీనుండి వచ్చిన జాన్ యునర్టెల్ 1934లో పిట్స్‌బర్గునందు తన కర్మాగారమును స్థాపించెను. ఆయన పోటీ దుర్భిణులలో గురిదిద్దు మరలు గొట్టమునకు వెలుపల, కడియములయందే యుండెడివి. రైఫిలు వెనుకకు తన్నినపుడు దుర్భిణి కడియములలో ముందుకు జారును. ప్రతి గుండునకు పిమ్మట దానిని చేతితో యథాస్థానమునకు లాగుకొనవలెను. 1988లో అమెరికా సైన్యము స్వీకరించిన ఎమ్.24 రైఫిలుపైనను పదిరెట్ల స్థిరశక్తి దుర్భిణియే యుండెను. ఈ చరిత్ర యంతయు విని మావాడు తుదకు సమ్మతించెను.

దుర్భిణి వచ్చిన సాయంకాలము మేమిరువురము కారు కొట్టములో అమర్చుటకు కూర్చుంటిమి. రైఫిలు ఖాళీగా నున్నదని ఇరువురమును వేర్వేరుగా చూచుకొంటిమి. పిదప బోల్టును తీసి ప్రక్కన బెట్టితిమి. రైఫిలుపై లోహపుపట్టీని, దానిపై కడియములను బిగించితిమి. మావాడు బోర్లపరుండి కండ్లు మూసికొని చెంపను కఱ్ఱకు ఆనించి, కండ్లు తెరచెను. చూపుమేర నిండుగా, అంచున నీడ లేక, గుండ్రముగా కనబడువఱకు దుర్భిణిని ముందువెనుకలకు జరిపితిని. కంటికిని కటకమునకును నడుమ మూడు నాలుగు అంగుళముల యెడముండవలెను. లేనిచో తన్నుపెట్టున కనుబొమ తెగును. తెల్లని గోడవంక చూచి, గీతలు చటుక్కున నల్లగా కనబడునట్లు వెనుకకటకమును త్రిప్పుకొనుమని చెప్పితిని. ఎక్కువసేపు చూచిన కన్నే సర్దుకొని మోసపుచ్చును గనుక రెండు మూడు క్షణములకంటె చూడరాదు.

మిగిలిన దొక్కటే: నిలువుగీతను నిలువుగా నిలుపుట. రైఫిలుపై చిన్న రసమట్టము కలదు. దాని బుడగ నడుమనున్నపుడు రైఫిలు వాలలేదని యర్థము. ఆ స్థితిలో దుర్భిణి నిలువుగీత భూమికి సరిగా లంబముగా నుండవలెను.

"నాన్నగారూ, దారమునకు గుండు కట్టి వ్రేలాడదీసి, దానితో గీతను సరిచూడవద్దా?" అని మావాడడిగెను.

లోపలినుండి భోజనమునకు పిలుపు రెండుమార్లు వచ్చియుండెను. "నా కన్ను చాలును లేవోయి" అని నేను కడియముల మరలను బిగించివేసితిని.

100 గజములయొద్ద గురి కుదురుటలో చిక్కేమియు కలుగలేదు. అయిదు గుండ్లు ఒక్క అంగుళములో పడినవి. ఇరువురమును సంతోషించితిమి. దూరము పెరిగినకొలది గుండ్లు కుడిప్రక్కకు పోజొచ్చినవి. 300 గజములలో కొంచెము, 600లో మఱింత. గాలి కారణమేమో యని చూచితిమి. గాలి లేని ప్రాతఃకాలమునను అట్లే పోయినవి. అపుడు నేను గురువువలె తీర్పు చెప్పితిని: "నీ వేలు ట్రిగ్గరును కుడికి లాగుచున్నది."

వాడు నమ్మెను. తండ్రి చెప్పినాడు గదా! రెండు నెలలు ప్రతిరాత్రి ఖాళీ రైఫిలుతో ట్రిగ్గరు నొక్కుట అభ్యసించెను. తన గురిపుస్తకములో ప్రతి పుటయందును "వేలు లాగినాను" అని వ్రాసికొనెను. క్లబ్బు పోటీ వచ్చెను. ముందుగా కాల్చి సరిచూచుకొను అవకాశము లేని పోటీ అది. 600 గజముల పలకపై అయిదు గుండ్లు. అయిదును కుడియంచును దాటి మట్టికట్టలో పడినవి. వాడు రైఫిలును పెట్టెలోనుంచి, "ఇక ఈ ఆట నాకు రాదు, నాన్నగారూ" అనెను. దారిపొడుగున మఱి మాటలాడలేదు.

క్లబ్బులోని ఒక వృద్ధుడు ఆనాటి సాయంకాలము నన్ను ప్రక్కకు పిలిచి, "పొడవైన కాగితముపై పరీక్షించితిరా?" అని యడిగెను. లేదంటిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గోనెపట్టాపై బోర్లపరుండిన మా మాష్టారు కన్నులకు కట్టినట్లు కనబడిరి. ముందు తుపాకి నడుగవలెను!

తెల్లవాఱకముందే ఒంటిగా క్లబ్బునకు పోయితిని. నాలుగడుగుల కాగితమును 100 గజముల దూరమున నిలిపి, గుండు కట్టిన దారముతో దానిపై నిలువుగీత గీచితిని. క్రిందిచుక్కపై గురిపెట్టి, బుడగను నడుమ నిలిపి, ఒక గుండు కాల్చితిని. పిదప గురి మార్పకయే పైమరను 10 మిల్లీరేడియనులు త్రిప్పి కాల్చితిని. మిల్లీరేడియను అనగా దూరములో వేయవవంతు. 100 గజములలో 3.6 అంగుళములు. కావున గుండు సరిగా 36 అంగుళములు పైకి, గీతపైననే పోవలెను. పైకి పోయినది, కాని గీతకు దాదాపు 2 అంగుళములు కుడిగా పడినది. మరల కాల్చితిని. మరల అచ్చటనే పడినది.

దుర్భిణి నిలువుగీత కుడికి మూడు డిగ్రీలు వాలియున్నది. 100 గజములకు మర త్రిప్పనక్కఱలేదు గనుక దోషము కనబడలేదు. 600 గజములకు మా గుండు సుమారు 8 అడుగులు క్రిందికి దిగును. దానికై పైమరను నాలుగున్నర మిల్లీరేడియనులు త్రిప్పవలెను. వాలిన గీతవెంబడి అంత పైకి పోయినచో 5 అంగుళములు ప్రక్కకును పోవును. పలక సగము వెడల్పు 5 అంగుళములే. పిల్లవాని గుండ్లు వాడు పంపిన చోటికే పోయినవి. వాని వ్రేలిలో దోషము లేదు.

ఆ యుదయమున నాకు కలిగిన దురాలోచనను దాచక వ్రాయుచున్నాను. అక్కడ నేను తప్ప మఱియొకరు లేరు. మరలు వదులుచేసి గీతను సరిచేసి మరల బిగించుట అరగంట పని. తరువాతి వారము వాని గుండ్లు పలకకు తగులును. తన అభ్యాసమే ఫలించినదని వాడు సంతోషించును; నేనును మంచి గురువు ననిపించుకొందును. ఎవరికిని నష్టము లేదు గదా యని మనస్సు చెప్పెను. కాగితమును చుట్టి కారులో పెట్టుకొని చాలసేపు కూర్చుంటిని.

ఇంటికి పోయి ఆ కాగితమును మావాని ముందు పఱచితిని. "బాబూ, వేలు నీదే గాని తప్పు నాది. నీవు గుండు దార మడిగితివి. నేను అన్నమునకు తొందరపడితిని. నిన్ను నిందించుటకు ముందు దుర్భిణిని పరీక్షింపనైతిని" అని చెప్పితిని.

వాడు కాగితమును చాలసేపు చూచెను. "రెండు నెలలు నా వేలిని నేనే నమ్మలేదు, నాన్నగారూ" అనెను. నేను ప్రత్యుత్తరము చెప్పలేకపోతిని. కొంతసేపటికి వాడు లేచి, "దారమెక్కడ నున్నది?" అని యడిగెను.

ఆ సాయంకాలము దూరముగా దారము వ్రేలాడగట్టి, బుడగను నడుమ నిలిపి, గీతను దారముతో కలిపితిమి. మరలను ఒక్కొక్కదానిని కొంచెము కొంచెముగా, మార్చి మార్చి బిగించితిమి. ఒకేమారు బిగించినచో గొట్టము మరల తిరుగును. అప్పుడు వాడే చూచెను. నేను దీపము పట్టుకొంటిని. భోజనపు పిలుపు మూడుమార్లు వచ్చినది.

తరువాతి పోటీలో అయిదింట నాలుగు తగిలినవి. తప్పిన దానిని గుఱించి వాడు నా వంక తిరిగి, "ఇది మాత్రము నా వేలే" అని నవ్వెను. గురిపుస్తకములోని పాత పుటలను వాడు కొట్టివేయలేదు. నేను పరీక్షించిన కాగితమును మడిచి వానినడుమ అంటించుకొన్నాడు.

ప్రియ విద్యార్థులారా, మీలో చాలమంది రైఫిలు ముట్టకపోవచ్చును. దుర్భిణి పది రెట్లు చూపినను, ఇరువది రెట్లు చూపినను, దాని గీత నిలువుగా నున్నదో లేదో అది చెప్పదు. దారమునకు కట్టిన గుండే చెప్పవలెను. మీరు చేసిన అమరికను మీ కంటికే విడువక దారముతో సరిచూచుకొనుడు. తల్లిదండ్రులకు నేను చెప్పదగినవాడను గాను. పిల్లవాని గుండు ప్రక్కకు పోయిన దినమున మా మాష్టారు ముందుగా తామే గోనెపట్టాపై పరుండెడివారని మాత్రము వారికి విన్నవించి విరమించుచున్నాను.