ఒర్వియేతో: ఎదురెదురుగా రెండు ప్రార్థనాలయాలు

రోమ్‌లో రైలెక్కితే గంటన్నర లోపే ఒర్వియేతో. స్టేషన్ కింద, ఊరు పైన. అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి రాయైన నిట్టనిలువు గుట్ట మీద ఉంటుందా ఊరు. తీగ లాగే చిన్న రైల్లో నిమిషాల మీద పైకి చేరాను.

సందు మలుపు తిరగ్గానే కేథడ్రల్. మొజాయిక్ బంగారం మీద మధ్యాహ్నపు ఎండ పడి కళ్ళు నిలవడం లేదు. నేను మాత్రం ముందు గోడ కింది వరుస దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. 14వ శతాబ్దంలో లొరెంజో మైతానీ, ఆయనతోటి శిల్పులు చెక్కిన పాలరాతి బొమ్మలవి. ఒకచోట, ఆదమరచి నిద్రపోతున్న ఆదాము మీదికి దేవుడు వంగి పక్కటెముక తీస్తుంటాడు.

1263లో దగ్గర్లోని బొల్సేనాలో పూజ చేస్తున్న ఒక గురువు చేతిలోని అప్పం నుంచి రక్తం కారి కింది వస్త్రం తడిసిందని ఇక్కడివారి విశ్వాసం. మరుసటి ఏడాది, ఒర్వియేతోలోనే ఉంటున్న పోప్ నాల్గవ అర్బన్, క్రీస్తు శరీర మహోత్సవాన్ని కథోలిక శ్రీసభ అంతటికీ ఆదేశించాడు. మన తెలుగు కథోలికులు ఏటా జరుపుకునే పండుగ అదే. ఆ వస్త్రం కేథడ్రల్‌లో ఎడమవైపు ప్రార్థనాలయంలో ఉంది.

దానికెదురుగా, కుడివైపున సాన్ బ్రిత్సియో ప్రార్థనాలయం. 1447లో ఫ్రా ఆంజెలికో కప్పు మీద కొంత చిత్రించి వెళ్ళిపోయాడు. అర్ధ శతాబ్దం దాటాక, 1499లో లూకా సిన్యొరెల్లి అందుకున్నాడు. ఆయన వేసిన పునరుత్థానం ముందు నాకు మాట రాలేదు. దేవదూతలు బాకాలూదుతున్నారు. బోసి నేలలోంచి మనుషులు లేస్తున్నారు. ఒకడు రెండు చేతులూ నేలకానించి, కండరాలు బిగబట్టి నడుము దాకా పైకొచ్చాడు. పక్కనే ఇంకా మాంసం పట్టని అస్థిపంజరాలు. ఎదుటి గోడ మీద క్రీస్తు విరోధి చెవిలో సైతాను గుసగుసలాడుతున్నాడు. క్రీస్తు విరోధి అంగీలోంచి బయటికొచ్చిన చెయ్యి ఎవరిదో ఎంత చూసినా తేలదు. ఆ చిత్రం అంచున నల్లని దుస్తుల్లో సిన్యొరెల్లి, పక్కన ఫ్రా ఆంజెలికో. తనకు ముందు పనిచేసినవాణ్ణి ఇలా పక్కన నిలుపుకోవడం నాకెంతో నచ్చింది.

అటు దేవుడి శరీరం, ఇటు మనుషుల శరీరాలు. దేహాన్ని ఇంత గౌరవించిన కేథడ్రల్‌ను నేను మరెక్కడా చూడలేదు. మైకెలాంజెలో ఈ చిత్రాలను మెచ్చుకున్నాడని చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి చెప్పాడు. రోమ్ నుంచి ఫ్లోరెన్స్ వెళ్ళే దారిలోనే ఉందీ ఊరు. ఒక్క పూటైనా దిగి చూడండి.