జీతం పెరిగింది, బీపీ తగ్గలేదు

ఇంట్లో పొద్దునా సాయంత్రం బీపీ చూసి రాసుకు రమ్మంటే చాలామంది పాల ప్యాకెట్ల చీటీ వెనకాల నాలుగంకెలు గిలికి తెస్తారు. ఈయన ఏకంగా పుస్తకం తెచ్చాడు. ఎర్రగీతలు కొట్టి, తేదీకి ఒక గడి, పై అంకెకి ఒకటి, కింది అంకెకి ఒకటి. పేజీ అడుగున సరాసరి కూడా తీశాడు. వయసు 54. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో 27 ఏళ్ళుగా గుమాస్తా. (గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.)

రెండు రకాల మాత్రలు వేసుకుంటున్నా బీపీ 170కి 100 దగ్గర మొండికేసింది. ముందు నేను పచ్చళ్ళని అనుమానించాను. గుంటూరులో ఏ డాక్టరైనా ముందు వాటినే అనుమానిస్తాడు. "ఆవకాయ జాడీ అటకెక్కించేశానండీ, దించాలంటే నేనే దించాలి" అని ఆయన భార్య సాక్ష్యం చెప్పింది. మాత్రలు ఎగ్గొడుతున్నాడేమో అంటే ఖాళీ అట్టలు దాచి మరీ తెచ్చాడు, లెక్క సరిపోయింది. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు, ఈసీజీ అన్నీ బాగానే ఉన్నాయి. ఏం తోచక ఆ పుస్తకమే మళ్ళీ తిరగేశాను. యార్డుకి సెలవున్న సాయంత్రాలు 138, 136, 140. కొట్టుకి వెళ్ళొచ్చిన సాయంత్రాలు 164, 170, 168.

"కొట్లో పని ఎక్కువగా ఉందా?" అన్నాను.

"ఎక్కువేం లేదు సార్, ఇంకా తగ్గింది. జీతం కూడా రెండు వేలు పెంచారు."

ఆ మాటకి భార్య ఆయన వంక చూసింది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. మనవాళ్ళు డాక్టరు దగ్గర మొదటిసారే "నన్ను లెక్కచేయడం లేదు" అనరు. నిద్ర పట్టడం లేదంటారు, మెడ పట్టేసిందంటారు, అన్నిటికన్నా ఎక్కువగా గ్యాస్ అంటారు. మన ఊళ్ళలో ఆ గ్యాస్ అన్న మాట కింద ఎన్ని సంగతులు దాక్కుని ఉంటాయో మాకే తెలుసు.

మూడోసారి వచ్చినప్పుడు, భార్య మందుల షాపు దగ్గర ఉండగా, చెప్పాడు. పాత షావుకారు కొట్టు చూసినన్నాళ్ళూ, సరుకు దిగితే బస్తాలోంచి గుప్పెడు కాయ తీసి ఈయన చేతిలో పోసేవాడట. "ఏమంటావయ్యా?" అనేవాడట. ఈయన ఒక కాయని తొడిమ దగ్గర పట్టుకుని చెవి పక్కన ఆడించేవాడు. గింజ గలగలలాడితే బాగా ఆరినట్టు. చప్పుడు లేకుండా మెత్తగా వంగితే తేమ ఉన్నట్టు. రంగుపోయిన తాలు కాయ ఎంత కలిసిందో చూపుతోనే చెప్పేసేవాడు. ఆ మాట మీదే షావుకారు రేటు చెప్పేవాడు. ఇప్పుడు కొట్టు చూసేది షావుకారి కొడుకు. కాయ ఫోటో తీసి వాట్సాప్‌లో బేరగాళ్ళకి పంపేస్తాడు.

"అబ్బాయి మంచివాడే సార్. ఒక్క మాట అనడు. అంకుల్ అనే పిలుస్తాడు. కానీ అడగడు."

అంటూ నా టేబుల్ మీది పెన్ను తీసుకుని, తనకి తెలియకుండానే, చెవి దగ్గర పెట్టి ఆడించాడు.

రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో "మీరేం పని చేస్తారు?" అన్నదాన్ని కూడా చేర్చమని ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రామజ్జీని 1700లోనే రాశాడు. తన ఊళ్ళో మరుగుదొడ్ల గుంటలు తోడే మనిషితో మాట్లాడాకే ఆయనకి వృత్తుల జబ్బుల మీద పుస్తకం రాయాలనిపించింది. మేమూ ఆ ప్రశ్న అడుగుతాం. "ప్రైవేటు ఉద్యోగం" అని రాసుకుని తర్వాతి గడిలోకి వెళ్ళిపోతాం.

గుండెపోటు పెద్ద ఆఫీసర్ల జబ్బని ఒకప్పుడు జనం గట్టిగా నమ్మేవారు. లండన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. ప్రభుత్వ ఉద్యోగుల్ని ఏళ్ళ తరబడి గమనిస్తే, గుండెజబ్బుతో ఎక్కువగా పోయింది కింది మెట్టు మీద ఉన్నవాళ్ళు. సిగరెట్లు, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాకి పూర్తి కారణం తేలలేదు. 1985లో మొదలైన రెండో విడతలో ఇంకో సంగతి బయటపడింది. పైవాళ్ళు తమని న్యాయంగా చూస్తున్నారు, తమ మాట వింటున్నారు అని చెప్పిన మగ ఉద్యోగుల్లో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. యోహానెస్ సీగ్రిస్ట్ అనే పరిశోధకుడు 1996లో, మనిషి పెట్టే శ్రమకీ అతనికి దక్కేదానికీ పొంతన లేకపోతే ఒంటికి చేటని ఒక లెక్క కట్టాడు. దక్కేవాటిలో డబ్బు ఒకటి, ఉద్యోగ భద్రత, ఎదుగుదల ఒకటి, మర్యాద ఒకటి. మా గుమాస్తా గారి భాషలో చెప్పాలంటే, రెండు వేలూ మొదటి గడిలో జమ అయ్యాయి, మూడో గడి ఖాళీ.

అలాగని కనిపించిన జబ్బునల్లా ఉద్యోగం మీదకి నెట్టకూడదు. "మా మేనేజర్‌తో టెన్షన్ సార్" అంటూ వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగికి ధైర్యం చెప్పి పంపించబోయాను. అలవాటుకొద్దీ తీయించిన ఈసీజీలో గుండెపోటు కనిపించింది. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంకోవైపు, పిల్లల పరీక్షల ఫలితాలొచ్చిన మర్నాడు తలనొప్పితో వచ్చే కార్పొరేట్ కాలేజీ లెక్చరర్లు ఉంటారు. పేపర్లో పేజీ నిండా ర్యాంకులు, పైన యజమాని నవ్వు మొహం, పాఠం చెప్పినాయనకి స్వీట్ బాక్సు. స్కాన్ తీస్తే ఏమీ ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో, పని ఒత్తిడికి మనిషి పూర్తిగా అలిసిపోయే బర్నౌట్‌ని ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితి అందే గానీ, జబ్బు అనలేదు.

ఇంతా రాస్తున్న నేను మా నర్సింగ్ హోంలో చేసింది చెప్పాలి. ఒక డెంగీ కుర్రాడికి జ్వరం దిగింది. ఇంటివాళ్ళు సంబరపడి రేపు తీసుకెళ్ళిపోతామన్నారు. రాత్రి రెండు గంటలకి మా సిస్టర్ ఫోన్ చేసింది. "సార్, చేతులు చల్లగా ఉన్నాయి. బీపీ 100కి 84." ఆ రెండంకెల మధ్య దూరం 20కి తగ్గితే డెంగీలో షాక్ మొదలైనట్టే. జ్వరం దిగే సమయమే అందులో అసలు గండం. ఏ సెలైన్ ఎంత వేగంతో పెట్టాలో ఫోన్లోనే చెప్పి, పరుగున వెళ్ళాను. కుర్రాడు దక్కాడు. డిశ్చార్జి రోజున తండ్రి నాకు శాలువా కప్పి "మీరు దేవుడు సార్" అన్నాడు. సిస్టర్ నా వెనకాలే సెలైన్ స్టాండు పట్టుకుని నిలబడి ఉంది. శాలువా కప్పించుకున్నాను, ఫోటో కూడా దిగాను.

మూడు నెలలకి సిస్టర్ మానేస్తానంది. ఎక్కడో ఎక్కువ ఇస్తామన్నారేమో అనుకుని జీతం పెంచుతానన్నాను.

"జీతం కాదు సార్. ఆ రోజు ఫోన్ చేసింది నేనని వాళ్ళకి మీరొక్క మాట చెప్పలేదు."

నా దగ్గర జవాబు లేదు. ఆమె నెలాఖరు దాకా చేసి, తాళాలు అప్పగించి వెళ్ళింది.

మొన్న పాత షావుకారు షుగర్ చూపించుకోవడానికి వచ్చాడు. ఆయనా నా పేషెంటే. "మా గుమాస్తా ఈమధ్య ముభావంగా ఉంటున్నాడట డాక్టరు గారూ, అబ్బాయి చెప్పాడు. జీతం పెంచినా అంతే." ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. అందుకని మా సిస్టర్ కథ చెప్పాను, నా తప్పేమీ దాచకుండా. ఆయన శ్రద్ధగా విని, కాసేపు ఆలోచించి అడిగాడు: "ఇంకో వెయ్యి పెంచి ఉంటే ఉండేదంటారా?"

సీజన్ చివర్లో గుమాస్తా గారు పుస్తకంతో పాటు ఒక గుడ్డసంచీ కూడా తెచ్చాడు. లోపల ఎండుమిరపకాయలు, ఒక్కదానికి మచ్చ లేదు. "నేనే ఏరాను సార్" అన్నాడు. పచ్చళ్ళు మానమన్న డాక్టరుకి మిరపకాయలు! ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించాను. నాకేం తెలియలేదు. "ఇది ఎలా ఉన్నట్టండీ?" అని అడిగితే తాలుకీ మంచి కాయకీ తేడా దగ్గర మొదలుపెట్టి పావుగంట చెప్పాడు. బయట పదిమంది పేషెంట్లు ఎదురుచూస్తున్నారు.

తర్వాత బీపీ చూశాను. 152కి 94. రెండు మాత్రలూ కొనసాగించమని రాశాను.