నా దగ్గర బానే నడుస్తోంది!

మన ఫీల్డులో ఓ పాత జోకుంది. టెస్టర్ బగ్ రాస్తాడు, డెవలపర్ ఓసారి చూసి "నా మెషీన్‌లో బానే నడుస్తోందే" అని మూసేస్తాడు. ఈ జబ్బు మన ఒక్కళ్ళకే కాదండోయ్, బైక్ మెకానిక్కులకీ ఉంది.

మాది బిజినేపల్లి. 2016లో నాగర్‌కర్నూల్ జిల్లా అయ్యాక నాయినకి ఆఫీసు పనులన్నీ అక్కడే. అమ్మకి నెలకోసారి బీపీ చూపించాలన్నా అక్కడికే పోవాలి. అందుకని ఆయన ఓ పాత వంద సీసీ బండి కొన్నాడు. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు మనవాళ్ళడిగేవి మూడే: మైలేజ్ ఎంత, పొగ కొడుతోందా, కాగితాలున్నాయా. బండి తిన్నగా పోతుందా అని అడిగేవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదు.

నెల తిరక్కముందే ఫోను. "నలభై దాటితే హ్యాండిల్ ఊగుతున్నదిరా." మెకానిక్ తోలి చూసి "మంచిగనే పోతుంది గదా సారూ" అన్నాడు. రెండోసారి పోతే ముందు టైరు మార్చాడు. ఊగుడు తగ్గలేదు. మూడోసారి షాక్‌లు మార్చాలన్నాడు. ఈలోపు అమ్మ భయపడి బండెక్కడమే మానేసింది. ఆ నెల బీపీ చూపించుకోలేదు కూడా.

ఊరెళ్ళినప్పుడు నాయిన్ని బగ్ రిపోర్టు అడిగినట్టే అడిగా. ఎంత స్పీడులో? బ్రేకేస్తేనా, ఊరికేనా? ఒక్కడివే ఉన్నప్పుడా? "ఒక్కన్నే పోతే ఏం గాదు. మీ అమ్మ ఎన్క గూసుంటెనే."

అదీ సంగతి! మెకానిక్ తోలింది ఒక్కడే. వెనక మనిషి కూర్చుంటే బండి వెనక్కి కుంగుతుంది, బరువులో ముందు చక్రం వాటా తగ్గుతుంది, ఫోర్క్ వాలు మారుతుంది. ఒంటరిగా పోతున్నప్పుడు దాక్కున్న లోపం అప్పుడు బయటపడుతుంది. తమ్ముణ్ణి వెనక కూర్చోబెట్టుకుని నాగర్‌కర్నూల్ రోడ్డెక్కా. నలభై ఐదు దగ్గర చేతుల్లో వణుకు మొదలైంది. (ఇలా ఊగినప్పుడు గట్టిగా బ్రేకెయ్యకండి, హ్యాండిల్‌తో కుస్తీ పట్టకండి. యాక్సిలరేటర్ మెల్లగా వదలండి.)

ఇక రెండో సూత్రం: ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, అదీ చవకైనదాంతో మొదలెట్టాలి. అన్నిటికన్నా చవక గాలి. బండి మీది స్టిక్కర్లో వెనక టైరుకి ఒక్కరుంటే ఒక అంకె, ఇద్దరుంటే ఇంకో అంకె ఉంటుంది. మనవాళ్ళు బొటనవేలితో నొక్కి సరిపోయిందంటారు. ఇద్దరికి రాసినంత గాలి కొట్టించి అదే రోడ్డు, అదే తమ్ముడు. వణుకు తగ్గింది గానీ పోలేదు.

తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, వెనక తమ్ముడు నొక్కి పట్టుకుంటే ముందు చక్రం గాల్లోకి లేచింది. హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పా. సరిగ్గా మధ్యలో ఎవరో పట్టుకున్నట్టు టక్కున ఆగుతోంది. ఫోర్క్ కింది భాగాన్ని ముందుకీ వెనక్కీ లాగితే టక్ టక్ చప్పుడు. కోన్‌సెట్ పోయిందన్నమాట. లోపల బాల్స్ తిరిగే గిన్నెలకి గుంటలు పడ్డాయి. బండి తిన్నగా పోవాలంటే హ్యాండిల్ దానంతటదే అటూ ఇటూ పిసరంత తిరుగుతూ సర్దుకుంటూ ఉండాలి. గుంటల్లో ఇరుక్కుంటే ఆ సర్దుబాటు ఆగుతుంది, వదులైతే వణుకు పుడుతుంది.

అదే మెకానిక్ దగ్గర కొత్త కోన్‌సెట్ వేయించాం. ఖర్చు వందల్లోనే. షాక్‌లు మార్చుంటే వేలు పోయేవి, రోగం అలాగే ఉండేది. వెనక చక్రం తిన్నగా ఉందో లేదో కూడా చూశాం. దీనికి మెషీన్లేం అక్కర్లేదు. టైర్లు నీళ్ళతో తడిపి పొడి నేల మీద తిన్నగా తోలితే, వెనక టైరు అచ్చు ముందు టైరు అచ్చు మీదే పడాలి. పడింది.

తర్వాత మెకానిక్‌ని ఒక్కటే అడిగా: వెనక నన్ను కూర్చోబెట్టుకుని తోలమని. యాభై దాకా వెళ్ళి వచ్చాడు. నవ్వి "ఇట్ల ఎవరూ చెప్పలే సారూ" అన్నాడు. నిజమే, ఆయన తప్పొక్కటే కాదు. "బండి ఊగుతోంది" అని మాత్రమే చెప్పి తాళం చేతికిచ్చి వస్తాం మనం.

హైదరాబాదులోనో, బే ఏరియాలోనో కూర్చుని మన అమ్మానాన్నలకి బండ్లు కొనిపించే మనం ఈసారి ఫోనులో మైలేజ్ అడక్కండి. అమ్మ వెనక కూర్చున్నప్పుడు బండి ఎలా పోతోందో అడగండి.