ఎత్తే హక్కు లేని చేతులు

స్విట్జర్లాండ్ అనగానే మనకి మంచుకొండలు, సినిమా పాటలే గుర్తొస్తాయి. ఎప్పుడైనా వెళ్తే అప్పెంజెల్ కూడా చూసి రండి. సాంక్ట్ గాలెన్‌లో చిన్న రైలెక్కితే నేరుగా దిగొచ్చు. పచ్చటి గుట్టలు, మెడలో గంటలున్న ఆవులు, గోడల నిండా రంగుల బొమ్మలున్న ఇళ్లు, ఘాటైన చీజ్. ఇన్నర్‌రోడెన్ అనే కాంటన్‌కి, అంటే మన రాష్ట్రం లాంటిదానికి, ఇదే రాజధాని. జనాభా మాత్రం సుమారు 16 వేలే!

ఊరి మధ్యలోని మైదానం దగ్గర కాసేపు ఆగండి. మామూలుగా ఏటా ఏప్రిల్ ఆఖరి ఆదివారం ఓటర్లంతా ఇక్కడే నిలబడతారు. ఈ సభ పేరు లాండ్స్‌గెమైండె. ఈవీఎం లేదు, బ్యాలెట్ పెట్టె లేదు. ఫలానా చట్టం కావాలా అంటే చెయ్యెత్తడమే. ఎటు ఎక్కువో చూపుతోనే తేలుస్తారు. తేలకపోతే లెక్కపెడతారు. మగవాళ్లకి నడుముకి కట్టుకొచ్చే తాతల నాటి కత్తే ఓటరు కార్డు.

వినడానికి ఎంత బాగుందో కదా? కానీ ఆ చేతుల్లో ఆడవాళ్లవి లేవు.

మన దేశంలో 1951-52 తొలి సాధారణ ఎన్నికల్లోనే మహిళలు ఓటేశారు. స్విట్జర్లాండ్‌లో జాతీయ స్థాయిలో ఆ హక్కు 1971లో వచ్చింది. ఇక్కడి ఆడవాళ్లు దేశం కోసం ఓటెయ్యొచ్చు, సొంత కాంటన్ సభలో మాత్రం చెయ్యెత్తకూడదు. 1990 ఏప్రిల్‌లో కూడా ఈ మైదానంలోని మగవాళ్లు మరోసారి వద్దనేశారు.

కొందరు మహిళలు కోర్టుకెళ్లారు. 1990 నవంబర్ 27న దేశ అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. కాంటన్ రాజ్యాంగంలో 'ఈ నేల ప్రజలు' అన్నచోట ఆడవాళ్లు కూడా ఉన్నట్టే అంది. 1991 ఏప్రిల్‌లో వాళ్లు మొదటిసారి సభలో నిలబడ్డారు.

జనం వద్దన్నదాన్ని కోర్టు ఎలా ఇస్తుంది అని అడిగేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఆ 'జనం'లో ఎవరున్నారో ముందు చూడాలి. లోపలున్నవాళ్లే ఓటేసి, బయటున్నవాళ్లకి హక్కు లేదంటే అది మెజారిటీ కాదు, మూసిన తలుపు.

ఇంకో చిక్కు ఇప్పటికీ ఉంది. ఇక్కడ రహస్య ఓటు లేదు. పక్కనే యజమానో, అప్పిచ్చినాయనో నిలబడి ఉంటే, వాళ్లకి నచ్చని వైపు చెయ్యెత్తగలమా? ఆ మైదానంలో ఫొటో దిగేముందు ఒక్కసారి ఆలోచించండి.