ఈ వేడి పాపం ఎవరిది?

మా అక్కయ్య విశాఖపట్నంలో ఉంటుంది, నేను జంషెడ్‌పూర్ సోనారిలో. వేసవిలో ఒకరోజు ఫోన్ చేసి, "రాత్రి పదకొండైనా గోడలు కాలుతున్నాయిరా. సముద్రం పక్కనుండి ఇదేం ఖర్మ! అంతా కలి ప్రభావం. వీధిలో వరుణయాగం చేయిస్తున్నారు, నేనూ ఐదువేలు ఇస్తున్నాను" అంది.

హేతువాదిని కదా, ఉపన్యాసం మొదలుపెట్టాను. పేపర్లో వేసిన ఉపగ్రహపు అంకె వాతావరణ కేంద్రం చెప్పినదానికన్నా చాలా ఎక్కువ కాబట్టి, అది ఉత్త బెదిరింపు అన్నాను. తర్వాత చదివితే తప్పు నాదేనని తేలింది. ఉపగ్రహం చూసేది రోడ్డు, డాబా, ఇసుకల పైపొర వేడిని. వాతావరణ కేంద్రం కొలిచేది నీడలో, నేలకు మీటరు పైచిలుకు ఎత్తున ఉన్న గాలిని. రెండూ నిజాలే, ఖాతాలు వేరు.

లెక్కల ఉద్యోగం చేసినవాణ్ణి కనుక నాకిలా అర్థమైంది. ఎండ జమ. తిరిగి ఆకాశంలోకి పోయేది పోగా, మిగిలినది నీటిని ఆవిరి చేయడానికీ, గాలినీ నేలనూ వేడి చేయడానికీ ఖర్చవుతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే యూనిట్ కరెంటులో మూడింట రెండు వంతులంత వేడి కావాలి. చెరువు పూడ్చి, తోట కొట్టి సిమెంటు పోస్తే ఆ పద్దు మూతపడుతుంది. ఆ మొత్తం మిగతా పద్దుల్లోకి మారుతుంది. కాంక్రీటు పగలు దాచుకున్నది రాత్రి తిరిగి చెల్లిస్తుంది. వరుసగా లేచిన మేడలు సముద్రపు గాలికి అడ్డం పడతాయి.

విశాఖలో జరిగింది ఇదే. 2005లో గాజువాకనూ చుట్టుపక్కల ఊళ్లనూ కలిపి మహానగరం చేశారు. మధురవాడ వైపు పల్లెలు కాలనీలయ్యాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను లెక్కలేనన్ని చెట్లను కూల్చింది. అయితే కోతలైన ఎండు పొలం కూడా పగలు సెగలు కక్కుతుంది. అందుకని ఒక్క వేసవి పగటి చిత్రం చూసి తీర్పు చెప్పకూడదు, రాత్రి లెక్క కూడా చూడాలి.

మళ్లీ ఫోన్ చేసి, ముందు నా తప్పు ఒప్పుకున్నాను. "అక్కా, డాబా మీద తెల్లసున్నం వేయించు. గదిలో థర్మామీటరు పెట్టి రోజూ రాత్రి రాసుకో. సున్నం లేని పక్కవాటాలోనూ ఒకటి పెట్టించు" అన్నాను.

"సున్నం వేయిస్తాను, చందా కూడా ఇస్తాను" అంది.

సరే, ఆమె డబ్బు ఆమె ఇష్టం. కానీ జూన్‌లో వానలు పడితే ఎలాగూ చల్లబడుతుంది. ఆ జమ యాగం ఖాతాలో పడకముందే రెండు గదుల లెక్కా కాగితం మీద ఉండాలి.