పదిహేడవ అంతస్తులో మూడు ఊళ్ళు

అమ్మీ మా ఇంటికి వచ్చిన మూడవనాడు, ఫజ్ర్ నమాజు ముగించి, తస్బీహ్ చేతబట్టుకుని బాల్కనీలో నిలుచుని క్రిందికి చూస్తూ ఒక ప్రశ్న అడిగింది: "బేటా, ఇందులో మన నేల ఎక్కడుంది?"

ప్రశ్న చిన్నదే. జవాబే నా దగ్గర సిద్ధంగా లేదు. హైదరాబాదుకు పడమట, నార్సింగి దాటి కోకాపేట వైపు సాగే దారిలో బారులు తీరిన ఎత్తైన భవనాలలో ఒకదాని పదిహేడవ అంతస్తు మా నివాసం. దస్తావేజు ప్రకారం 1,650 చదరపు అడుగుల ఇల్లు, దానితోపాటు 42 చదరపు గజాల అవిభాజ్య భూభాగం మాకు చెందుతాయి. అవిభాజ్యం అంటే పంచి చూపడానికి వీలులేనిది. ఆ 42 గజాలు ఫలానా చోట ఉన్నాయని వేలుపెట్టి చూపలేము. అందులో ఒక వేపమొక్క నాటుకోలేము. కొంత ఈతకొలను క్రింద ఉన్నట్లు, కొంత కార్లు నిలిపే నేలమాళిగ క్రింద ఉన్నట్లు, కొంత కావలివారి గది క్రింద ఉన్నట్లు ఊహించుకోవలసిందే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో వచ్చిన అపార్టుమెంట్ల చట్టం నుండి ఈ పద్ధతి మనకు అలవాటే. చట్టరీత్యా అది పూర్తి హక్కు. నేను ఈ సంగతంతా ఓపికగా వివరించాను. అమ్మీ అంతకన్నా ఓపికగా విని, "అయితే మనం గాలిలో ఉన్నామన్నమాట" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ గాలిలోని ఇల్లు నిజానికి మూడు ఊళ్ళ నేలమీద నిలిచింది. వడ్డీతో ముడిపడిన అప్పు జోలికి పోరాదని నేనూ నా భార్యా మొదటే నిశ్చయించుకున్నాము. మహబూబాబాదు దగ్గర ఆమెకు తండ్రి నుండి సంక్రమించిన రెండెకరాల మిరపచేను ఉండేది. అది పూర్తిగా ఆమె సొత్తు. ఆమె ఇష్టపూర్వకంగానే అమ్మింది. తగ్గిన మొత్తాన్ని భూపాలపల్లి సింగరేణి గనిలో పనిచేస్తున్న మా దుల్హాభాయి, ఆపా భర్త, ఖర్జె హసనాగా ఇచ్చాడు. మరుసటి ఏడు ఆయన పదవీ విరమణ. ఆ లోగా బాకీ తీర్చాలి. అబ్బా మరణించిన తరువాత జనగామలోని మా పాత ఇల్లు అమ్మి తీర్చవచ్చునని నేను లెక్క వేసుకున్నాను. అమ్మీ ఇద్దత్ గడువు ఆ ఇంటిలోనే పూర్తి చేసుకుని నా వెంట వచ్చేసరికి కొనేవారు కూడా కుదిరారు. బయానా పుచ్చుకోవడమే తరువాయి.

పదిహేడవ అంతస్తులో అమ్మీకి మొదట లోటుగా తోచింది అజాన్. జనగామలో మసీదు మా సందు చివరనే. ఇక్కడ కిటికీలు మూస్తే నిశ్శబ్దం, తెరిస్తే అవుటర్ రింగు రోడ్డు హోరు. అజాన్ నా ఫోనులోనుండి వినవలసిందే. రమజాను మొదలయ్యాక ఇంకొక సందేహం వచ్చింది. ఫోను మగ్రిబ్ అయిందని పలుకుతున్నది. పడమట ఉస్మాన్‌సాగర్ నీటిమీద సూర్యబింబపు అంచు ఇంకా కనబడుతున్నట్లే ఉన్నది. ఖర్జూరం చేతిలో పట్టుకుని అమ్మీ ఆగిపోయింది. ఎత్తు పెరిగేకొద్దీ దిగంతం దూరమై, అస్తమయం ఆలస్యమవుతుందన్నది వాస్తవమే. దుబాయిలో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా నివాసుల విషయమై 2011లో అక్కడి ముఫ్తీలు 80వ అంతస్తుకు పైనున్నవారు రెండు నిమిషాలు, 150వ అంతస్తుకు పైనున్నవారు మూడు నిమిషాలు ఆగి ఇఫ్తార్ చేయాలని చెప్పిన సంగతి నేను ఆమెకు వినిపించాను. మాది పదిహేడే గనుక తేడా ఒక్క నిమిషం లోపే. ఆ నెలంతా అమ్మీ ఫోనును కాక సూర్యుణ్ణే నమ్మింది. మేమంతా ఆమెతోపాటు ఆగాము.

నేను అడ్డుపడినది వేరొకచోట. మొదటి ఇఫ్తార్ నాడు ఆమె ఒక పళ్ళెంలో శనగలు, పండ్లు, రెండు సమోసాలు సర్ది, పైన గుడ్డ కప్పి, ఎదురింటికి ఇచ్చి వస్తానన్నది. "ఇక్కడ ఎవరూ అట్లా చేయరు అమ్మీ. ముందు ఫోను చేసి అడగాలి, వారేమనుకుంటారో" అన్నాను. మా భవనంలోకి బంధువు రావాలన్నా గేటు దగ్గర ఫోనులో అనుమతి పొందవలసిందే. గడప ముందు చెప్పులు విడిచినా సంఘం నుండి సందేశం వస్తుంది. కూరలో నీళ్ళు కాస్త ఎక్కువ పోసి అయినా పొరుగువారికి పంచమన్న దైవప్రవక్త (స) హితవు నాకు చిన్ననాటి నుండి తెలుసు. దానిని నడవాలో ఎనిమిదడుగులు నడిపించడం మాత్రం మూడేళ్ళలో ఒకసారి కూడా నాకు తోచలేదు. అమ్మీ నా మాట వినలేదు. పళ్ళెం ఖాళీగా తిరిగి రాలేదు కూడా. మరునాడు అందులో సకినాలు వచ్చాయి.

ఆ ఇంటిలో ఇద్దరు వృద్ధ దంపతులుండేవారు. కుమారుడు అమెరికాలో. ఆయన లిఫ్టులో కనిపిస్తే నేను తల ఊపేవాణ్ణి, ఆయనా ఊపేవాడు. మా పరిచయం అంతవరకే. పది దినాలలో అమ్మీకి తెలిసినవి ఇవి: ఆయన బడిపంతులుగా విరమించాడు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. వారిది మహబూబాబాదు పక్క పల్లె, నా భార్య పుట్టిన ఊరికి ఎనిమిది కిలోమీటర్లు! మూడేళ్ళుగా మా రెండు తలుపులు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. "మానుకోట మిర్చి లేనిది కారం రాదు" అని ఆ రెండు ఇళ్ళలోనూ వేర్వేరుగా అనుకుంటూనే ఉన్నాము.

ఈద్ అయిన మూడు వారాలకు ఆయన రాత్రివేళ మరణించాడు. ఆమె ముందుగా తట్టినది మా తలుపు. పిలిచినది నన్ను కాదు, అమ్మీని. స్ట్రెచరు పట్టే పెద్ద లిఫ్టు మరమ్మతులో ఉన్నది. మిగిలినవి ఇరుకు. భౌతికకాయాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటితో కట్టి, ఇద్దరు కావలివారూ నేనూ క్రిందికి దించాము. ఆ లిఫ్టులోని అద్దంలో మా నలుగురి ప్రతిబింబం నేను ఇప్పటికీ మరువలేకున్నాను. ఇరవై ఎనిమిది అంతస్తులు లేపడానికి ఎన్నో ఆలోచనలు చేసినవారు, ఆ ఎత్తునుండి మనిషి పడుకుని దిగవలసిన దినం ఒకటి వస్తుందని మరికొంత గట్టిగా ఆలోచించి ఉండవలసింది. జాఫర్ (రజి) అమరులైనప్పుడు ఆ ఇంటివారికి వంట చేసి పంపమని ప్రవక్త (స) ఆదేశించారు. అమ్మీ మూడు రోజులు ఎదురింటికి వండి పంపింది. కొడుకు విమానం దిగేవరకు రాత్రిళ్ళు ఆమె దగ్గరే పడుకున్నది.

నాలుగవనాడు అమ్మీ నన్ను కూర్చోబెట్టి అడిగింది: "జనగామ ఇల్లు అమ్ముతున్నావు సరే, ఆపాను అడిగావా?"

అడగలేదు. దాచడం ఎందుకు? ఆ ఇల్లు నాదనే అనుకుంటూ వచ్చాను. దివ్యఖుర్ఆన్ నిర్దేశించిన లెక్క నాకు తెలియనిది కాదు. అబ్బా విడిచివెళ్ళిన దానిని 24 భాగాలు చేస్తే 3 అమ్మీవి, 7 ఆపావి, 14 నావి. వడ్డీ విషయంలో అంత పట్టుదల పట్టిన నేను ఈ ఏడు భాగాలను ఎట్లా మరచానో! మరచానన్నది కూడా సరైన మాట కాదేమో.

ఆ శుక్రవారం జుమా తరువాత అమ్మీ, నా భార్య, నేను కారులో బయలుదేరాము. అవుటర్ రింగు రోడ్డు మీద ఘట్‌కేసర్ వరకు వెళ్ళి, అక్కడ వరంగల్ రహదారి పట్టాము. భువనగిరి ఏకశిల కనిపించగానే అమ్మీ ముఖం మారింది. ఆలేరు దాటి, ఇత్తడి పనివారి పెంబర్తి దాటి జనగామ చేరేసరికి పొద్దు వాలుతున్నది. పెంకుటిల్లు, ముందు అరుగు, వెనుక చేదబావి. అమ్మీ గొళ్ళెం తీసి లోపలికి వెళ్ళి, ముందుగా నేలమీద కూర్చుండిపోయింది. అరుగుమీద మేము నిలుచున్న పావుగంటలో పదకొండుమంది పలకరించి పోయారు. వారిలో ముగ్గురు ఇల్లు ఎంతకు అమ్ముతున్నావని అడిగారు. చిన్న ఊరిని అతిగా పొగిడేవారికి ఈ మూడవ పంక్తి కూడా చెప్పాలి.

మరునాటి ఉదయం సూర్యాపేట దారిలో కామారెడ్డిగూడెం దాకా వెళ్ళి వచ్చాము. అది దేవరుప్పుల మండలంలోనిది. అబ్బా నన్ను చిన్నప్పుడు అక్కడికి సైకిలుమీద తీసుకుపోయేవాడు. రోడ్డు పక్కన షేక్ బందగీ సమాధి ఉన్నది. విసునూరు దేశ్‌ముఖ్ ఎదుట తలవంచక, తన కొద్దిపాటి సేద్యపు భూమికోసం న్యాయస్థానాలకెక్కి గెలిచి, 1940 ప్రాంతంలో హత్యకు గురైన పేద రైతు ఆయన. కొన్నేళ్ళకు, 1946 జూలై 4న, సమీపంలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు; ఆ పైన సాగిన రైతుపోరు చరిత్రకెక్కింది. మా కిటికీ నుండి కనిపించే కోకాపేట నేల 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. బందగీ ఈ సంఖ్య వింటే ఏమనేవాడో నేను చెప్పలేను. ఆయనకు తన భూమి హద్దురాళ్ళు ఎక్కడున్నాయో మాత్రం తెలుసు.

భూపాలపల్లికి హన్మకొండ, పరకాల మీదుగా వెళ్ళాము. సింగరేణి క్వార్టర్సులో ఆపా మా కోసం జొన్నరొట్టెలు చేసి ఉంచింది. దుల్హాభాయి మొదటి షిఫ్టు ముగించి, స్నానం చేసి వచ్చినా కనురెప్పల అంచున బొగ్గు నలుపు కాటుకలా మిగిలే ఉన్నది. ముప్ఫై ఏళ్ళుగా భూగర్భంలోకి దిగి వస్తున్నాడాయన. మా ఇంటి ఎత్తు గురించి అడిగి తెలుసుకుని నవ్వాడు: "నీవు రోజూ పైకి, నేను రోజూ క్రిందికి. నీకు కరెంటు పోతే మెట్లన్నా ఉన్నాయి." ఆ కరెంటు మాట ఊరక అన్నది కాదు. దగ్గరలోని చెల్పూరులో కాకతీయ తాప విద్యుత్ కేంద్రం ఉన్నది. 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లు. ఇక్కడి బొగ్గు అక్కడ మండితే, తీగలగుండా వెళ్ళిన శక్తిలో ఏ పిసరో మా లిఫ్టును లేపుతున్నది. పదిహేడవ అంతస్తుకు ఎక్కిన ప్రతిసారీ ఎవరో ఒకరు నేల క్రిందికి దిగి ఉంటారు.

భోజనాలయ్యాక నేను 24 భాగాల సంగతి ఎత్తి, ఆపా వాటా సొమ్ము ముందుగా ఆమెకు ఇచ్చి, ఆ పైన బాకీ తీరుస్తానన్నాను. ఆపా చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "విరమణ అయితే క్వార్టరు ఖాళీ చేయాలి కదా తమ్ముడూ. అబ్బా ఇంటిలో ఒక గది ఉంటుందిలే అనుకున్నాము" అన్నది.

నాకు ఇల్లు కట్టుకోవడానికి తన కష్టార్జితం ఇచ్చిన మనిషి రేపు ఎక్కడ ఉంటాడన్నది నేను ఒక్కనాడైనా తలచలేదు. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాము. కుదిరిన బేరాన్నే విలువగా తీసుకుని, నా 14 భాగాలలో నుండి బాకీకి సరిపడినంత దుల్హాభాయికి బదలాయించడం; అమ్మీ భాగం అమ్మీదే; మిగిలినది ఆయన వీలునుబట్టి నాకు ఇవ్వడం. క్వార్టర్సులోని ఇద్దరు పెద్దలను సాక్షులుగా పిలిచి కాగితం మీద పెట్టాము. లెక్కలో నాకు రావలసినది స్వల్పమే. ఎప్పుడు వస్తుందో తెలియదు. నా భార్య కాగితం చదివి మడిచి ఇచ్చింది. ఏమీ అనలేదు.

తిరుగుదారిలో నర్సంపేట మీదుగా మహబూబాబాదు వెళ్ళుదామని ఆమే కోరింది. అమ్మిన చేను గట్టున కారు ఆపాము. కొన్నవారు మిరపే వేశారు. చివరి కోతకు వచ్చి ఉన్నది. ఆమె గట్టుమీద కాసేపు నడిచింది. నేను వెంట పోలేదు. కొత్త యజమాని కల్లం దగ్గర పిలిచి కూర్చోబెట్టి, ఎంత వద్దన్నా వినక ఒక సంచి ఎండుమిర్చి కారులో వేయించాడు. ఆమె ధర కట్టి ఇచ్చింది.

మేము హైదరాబాదు చేరేసరికి ఇషా వేళ దాటింది. సంచి మోసుకుని లిఫ్టు ఎక్కితే, ఆరవ అంతస్తులో ఎక్కిన కుర్రవాడు తుమ్మడం మొదలుపెట్టాడు. తొమ్మిదిలో ఎక్కినవారు దగ్గారు. పన్నెండులో ఎక్కిన పెద్దమనిషి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, మూడేళ్ళలో మొదటిసారి నాతో మాట్లాడాడు: "ఏ ఊరి మిర్చి అండీ?"

"మానుకోట" అన్నది అమ్మీ.

తలుపులు తెరుచుకునేసరికి ఎదురింటి ఆమె గడపలో నిలుచుని ఉన్నది. కొడుకు తిరిగి వెళ్ళిపోయాడట. లోపలికి రమ్మని పిలవకుండానే అమ్మీ సంచితోపాటు అటు నడిచింది.