అడుగులలో నిలిచిన విద్య

విద్యకు రెండు ఆశ్రయాలు. ఒకటి గ్రంథం, రెండవది గురువు. గ్రంథస్థం కాని విద్యకు గురువే సర్వస్వం. ఆయన కన్నుమూసేలోగా శిష్యుడు దొరకకపోతే ఆ విద్య అంతరిస్తుంది. కొరియా దేశపు సంప్రదాయ యుద్ధకళ తైక్యాన్‌కు అటువంటి ఆపదే వచ్చింది.

తైక్యాన్ ప్రధానంగా కాళ్ళతో సాగే పోరు. చూసేవారికి మొదట అది నృత్యంవలె తోస్తుంది. ఆటగాడు మోకాళ్ళను మెత్తగా వంచుతూ, త్రికోణాకారంలో అడుగులు మారుస్తూ, లయబద్ధంగా ఊగుతాడు. ఆ ఊపులోనుండి హఠాత్తుగా పాదం లేస్తుంది. ప్రత్యర్థిని నేలపై పడవేసినా, అతని ముఖాన్ని పాదంతో తన్నినా విజయమే. అయితే ఆ తన్ను నెట్టినట్లుండాలి గాని గాయపరచరాదు. గెలుపుతోపాటు ప్రత్యర్థి క్షేమాన్ని కూడా కోరడం ఈ కళకు వన్నె తెచ్చిన గుణం.

క్రీ.శ. 4, 5 శతాబ్దాలనాటి కోగుర్యో రాజ్యపు సమాధుల గోడలపై తలపడుతున్న వీరుల చిత్రాలున్నాయి. తైక్యాన్ మూలాలను కొందరు వాటిలో చూస్తారు గాని, అందుకు తిరుగులేని ఆధారం లేదు. స్పష్టమైన సాక్ష్యాలు చోసన్ రాజవంశ కాలానివి. చిత్రకారుడు యు సుక్ గీసినట్లు చెప్పే ఒక చిత్రంలో కొందరు కుస్తీ పడుతుంటారు, కొందరు తైక్యాన్ ఆడుతుంటారు. చుట్టూ జనం చేరి వినోదిస్తుంటారు. ఇది ప్రజల ఆట అనడానికి ఆ దృశ్యమే నిదర్శనం.

1910లో కొరియా జపాను వశమైంది. 1945 వరకు సాగిన ఆ పరాయి పాలనలో తైక్యాన్ అణచివేతకు గురై, దాదాపు మరుగున పడింది. బాల్యంలో ఇమ్ హో అనే గురువు వద్ద నేర్చిన విద్యను సియోల్ వాసి సోంగ్ దొక్కీ మాత్రం విడువలేదు. 1893లో జన్మించిన ఆయన వృద్ధాప్యంలో సిన్ హాన్‌సుంగ్ శిష్యుడై వచ్చాడు. గురువు అడుగులను అభ్యసించి, మెళకువలను క్రమబద్ధం చేసి, చుంగ్జు నగరంలో ఇతరులకు నేర్పాడు. 1983లో కొరియా ప్రభుత్వం తైక్యాన్‌ను జాతీయ సాంస్కృతిక సంపదగా గుర్తించింది. 1987 జూలైలో గురుశిష్యులిద్దరూ మరణించారు. అప్పటికే విద్య మరో తరానికి అందింది.

1955లో పేరు పెట్టుకున్న తైక్వాండో వేరు, తైక్యాన్ వేరు. మొదటిదానికి పునాది వేసినవారిలో పలువురు జపానువారి కరాటే నేర్చినవారు. రెండవది పల్లె వేడుకలలో పెరిగిన ఆట.

2011లో యునెస్కో తన మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో తైక్యాన్‌కు స్థానమిచ్చింది.  ఒక వృద్ధుడు మరువని అడుగులు, ఒక శిష్యుడు సకాలంలో వేసిన అడుగు ఈ గౌరవానికి మూలం. మన పెద్దలవద్ద మిగిలిన విద్యలు కూడా అటువంటి శిష్యులకొరకే ఎదురుచూస్తున్నాయి.